పాత ఫోర్ బై ఫోర్‌లో డీజిల్ ఎటు పోతోంది?

హైదరాబాద్ అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే కాసేపటికే అజీజ్‌నగర్ వస్తుంది. ఒకవైపు హిమాయత్‌సాగర్, ఇంకోవైపు గండిపేట జలాశయాలు. అక్కడి నుంచి మొయినాబాద్, కనకమామిడి, చేవెళ్ల మీదుగా వికారాబాద్ దాకా ఈ దారిలో ఏ ఇంటి ముందు చూసినా, ఏ ఫామ్‌హౌస్ గేటు లోపల చూసినా పాత డీజిల్ బండి ఒకటి నిలబడి ఉంటుంది. మొదటితరం స్కార్పియో, బొలెరో, 2010 నుంచి వచ్చిన సీఆర్‌డీఈ ఇంజిన్ థార్, ఇంకాస్త ఉన్నవాళ్ల దగ్గర మూడు లీటర్ల ఇంజిన్ ఫార్చ్యూనర్. వానాకాలం పొలం బాటల్లో బురదకు ఇవే దిక్కు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది వీటికి సరిగ్గా సరిపోతుంది. అందుకే 15 ఏళ్లు నిండినా ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని నడుపుతూనే ఉన్నారు.

వీళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు. కొన్నప్పుడు లీటరుకు 12, 13 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 9 కూడా రావట్లేదు. డీజిల్ ధర మీద 2014 అక్టోబరులో నియంత్రణ ఎత్తేశాక పాత చవక రోజులు పోయాయి. లీటరు 90 రూపాయలు దాటిన కాలంలో ఆ మూడు కిలోమీటర్ల తేడా చిన్నది కాదు.

అది ఎంత పెద్దదో మన లెక్క మనకే సరిగా చూపించదు. లీటరుకు 14 ఇచ్చే బండి 15 ఇస్తే వంద కిలోమీటర్లకు మిగిలేది అర లీటరు కూడా కాదు. అదే 9 ఇచ్చే బండి 10 ఇస్తే వంద కిలోమీటర్లకు లీటరుకు పైనే మిగులుతుంది. రెండు చోట్లా పెరిగింది ఒక్క కిలోమీటరే, కానీ ఆదా రెట్టింపు. ఈ భ్రమ గురించి అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన లారిక్, సోల్ 2008లో సైన్స్ పత్రికలో రాశారు. బాగా తాగే బండిని కాస్త బాగుచేసుకోవడం, తక్కువ తాగే బండిని గొప్పగా బాగుచేయడం కంటే లాభం. కాబట్టి "పాత బండి, ఇంతే ఇస్తది" అని వదిలేయడం తప్పు లెక్క.

లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న డీజిల్ ఇంజిన్ తనకు అన్నీ అనుకూలించినప్పుడు అందులో 40 శాతం దాకా పనిగా మార్చగలదు. రోజువారీ నడకలో చక్రాల దాకా చేరేది పావు వంతుకు అటూఇటూ. మిగిలింది సైలెన్సర్‌లోంచీ రేడియేటర్‌లోంచీ వేడిగా పోతుంది. ఆ పోయే వేడిలో కొంత వెనక్కి లాక్కునే ఉపాయమే టర్బో. బయటికి పోయే పొగతో ఒక చక్రం తిప్పి, దానికి జోడించిన ఇంకో చక్రంతో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపడం. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మన బండిలో ఆ చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది.

చక్రాలకు చేరిన ఆ పావు వంతు దేనికి ఖర్చవుతుందో చూద్దాం. రెండు టన్నుల బరువు, గోడలా నిలువుగా ఉండే ముఖం ఉన్న బండి అనుకోండి. టైర్లు దొర్లడానికే సుమారు 24 కిలోల లాగుడు కావాలి. ఇది వేగంతో పెద్దగా మారదు. గాలి అడ్డు మాత్రం మారుతుంది, అదీ వేగం వర్గం చొప్పున. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 19 కిలోలు, 80లో 33, 100లో 52, 120లో 75. రెండూ కలిపితే 80 వేగంలో 57 కిలోల లాగుడు, 120లో 99 కిలోలు. ఇవి నేను స్థూలంగా వేసిన లెక్కలు, బండిని బట్టి అటూఇటూ అవుతాయి, కానీ తీరు మారదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. అప్పా దగ్గర ఔటర్ ఎక్కి 20 కిలోమీటర్లు 120లో పోతే, 80లో పోయినదానికంటే అయిదు నిమిషాలు ముందు చేరతాం. ఆ అయిదు నిమిషాలకు సుమారు ముప్పావు లీటరు డీజిల్ అదనం. కారు లాంటి పల్చటి ముఖం ఉన్న బండికి ఈ దండగ ఇంత ఉండదు. పలక ముఖం స్కార్పియోకు, టాపు మీద క్యారియర్ బిగించిన బొలెరోకు ఇది తప్పదు. ఖాళీ క్యారియర్ కూడా గాలికి అడ్డే. ముందు బిగించే ఇనప గార్డు సంగతి సరే సరి. బరువు పెంచుతుంది, గాలికి అడ్డుపడుతుంది, పైగా కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వాటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. పీకేస్తే చట్టానికీ జేబుకీ మంచిది.

ఇక ఔటర్ దిగి మన రోడ్డు మీదకు వస్తే గాలి కాదు, బ్రేకు అసలు దొంగ. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల ఈ దారి విస్తరణ, మర్రిచెట్ల వివాదంతో ఏళ్ల తరబడి నానింది. తొమ్మిది వందల పైచిలుకు మర్రులు, వాటి నడుమ ఇరుకు రోడ్డు, ముందు టిప్పరు, ఊరు రాగానే స్పీడ్ బ్రేకరు. రెండు టన్నుల బండిని 60 వేగానికి తేవాలంటే సుమారు 28 మిల్లీలీటర్ల డీజిల్ కాలాలి. బ్రేకు తొక్కగానే ఆ వేగమంతా డిస్కుల్లో, డ్రమ్ముల్లో వేడిగా మారిపోతుంది. దాటాక మళ్లీ 28. ఇలా 35 సార్లు ఆగి ఎత్తుకుంటే లీటరు హారతి. బ్రేకరు దూరంగా కనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, గేరులోనే బండిని దొర్లనిస్తే ఇందులో మంచి వాటా మిగులుతుంది.

గేరులోనే అని ఎందుకన్నానంటే, న్యూట్రల్ చేస్తే ఆదా అని మన దగ్గర గట్టి నమ్మకం. అనంతగిరి గుట్ట దిగేటప్పుడు న్యూట్రల్ వేసి, వీలైతే ఇంజిన్ కూడా ఆపేసే ఘనులున్నారు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగకుండా ఉండాలంటే డీజిల్ కాల్చుకోవాల్సిందే. గేరులో దిగుతుంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, కాలు తీసి ఉంటే ఇంజిన్‌కు డీజిల్ సరఫరా ఆగిపోతుంది. కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ చిమ్మే కామన్ రైలు ఇంజిన్‌లో ఆ పని కంప్యూటరే చేస్తుంది, పాత పంపు ఇంజిన్‌లో గవర్నర్ చేస్తుంది. ఇక ఇంజిన్ ఆపేస్తే బ్రేకుకూ స్టీరింగుకూ సాయం పోతుంది. మిగిలేది ఏమీ లేదు, పోయేది ప్రాణం.

గేరు మార్చే చోటు కూడా తెలిసి ఉండాలి. ఎంహాక్ ఇంజిన్ ఉన్న స్కార్పియోలో పూర్తి టార్క్ నిమిషానికి 1800 చుట్ల దగ్గర మొదలవుతుంది. పాత థార్ సీఆర్‌డీఈలోనూ అంతే. 1500కూ 2200కూ మధ్య ఇంజిన్‌ను ఉంచి, గేరు పైకి మారుస్తూ పోతే డీజిల్ పొదుపుగా కాలుతుంది. మరీ 1200కి దించి అయిదో గేరులో ఈడిస్తే ఇంజిన్ దడదడలాడుతుంది, మసి పేరుకుంటుంది. పొదుపు పేరుతో చేసే పిసినారితనం అది.

నడిపే తీరు ఇంతవరకు. ఇప్పుడు బానెట్ ఎత్తుదాం. పాత టర్బోడీజిల్‌లో నేను అన్నిటికంటే ముందు చూడమనేది చాలామంది అసలు అనుమానించని ఒక చిన్న ఇత్తడి వాల్వ్‌ని. అదే థర్మోస్టాట్. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లను రేడియేటర్‌కు పోనీయకుండా ఆపి, 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. ఎండాకాలం బండి వేడెక్కిందని షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్కులు చేసే మొదటి వైద్యం దీన్ని పీకేయడమే. "అన్నా, వాల్వ్ తీసేసిన, ఇగ హీట్ గాదు, బేఫికర్‌గ నడుపు" అని చెప్తారు. వేడి ముల్లు కిందికి దిగుతుంది, మనకూ ధైర్యం వస్తుంది. అక్కడి నుంచే డీజిల్ ఖర్చు పెరుగుతుంది.

ఎందుకంటే ఇంజిన్ వేడిగా ఉండటం రోగం కాదు, ఆరోగ్యం. గోడలు చల్లగా ఉన్న సిలిండర్‌లో కాలిన డీజిల్ వేడిని పిస్టన్‌ను తోయడానికి బదులు గోడలు తాగేస్తాయి. మూత తీసి అన్నం వండినట్టు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి, తిరిగే ప్రతి భాగాన్నీ పట్టి ఉంచుతుంది. కామన్ రైలు బండ్లలో ఇంకో తిప్పలు. నీళ్ల వేడి 60 డిగ్రీల దగ్గరే ఉందని సెన్సర్ చెప్తే, ఇంజిన్ ఇంకా పొద్దున్నే స్టార్ట్ చేసినట్టే ఉందనుకుని కంప్యూటర్ ఆ లెక్కనే డీజిల్ పోస్తుంది. అజీజ్‌నగర్ నుంచి గచ్చిబౌలికో మెహిదీపట్నానికో పోయి వచ్చే బండి, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లవారుజామున పూలు మోసే బండి, చలికాలంలో దారి పొడుగునా చల్లగానే పరుగెత్తుతుంది. ఇంకో విచిత్రం, కొన్ని ఇంజిన్లలో వాల్వ్ పీకేస్తే నీళ్లు అడ్డదారిన తిరిగి, బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా వేడెక్కుతాయి. అసలు వేడికి కారణం చాలాసార్లు మట్టి పట్టిన రేడియేటర్, వదులైన బెల్టు, కాలం చెల్లిన కూలెంట్.

ఇది పరీక్షించడానికి షెడ్డు అక్కర్లేదు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ మూత జోలికి పోకుండా, తిరిగే ఫ్యాన్‌కు చేయి దూరంగా ఉంచి, ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు పోయే పై హోస్ పైపును పట్టుకుని చూడండి. ఇంజిన్ వెచ్చబడుతున్నా అది కాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే లోపల వాల్వ్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది. కొత్తది వేయించడం ఈ వ్యాసంలో చెప్పే పనులన్నిటిలో చవకైన వాటిలో ఒకటి.

అక్కడే ఉన్న పెద్ద ఫ్యాన్‌ను కూడా చూడండి. పాత బొలెరో లాంటి వాటిలో అది బెల్టుతో తిరుగుతుంది, మధ్యలో జిగట ద్రవం నిండిన క్లచ్ ఒకటి ఉంటుంది. వేడెక్కినప్పుడే అది ఫ్యాన్‌ను గట్టిగా పట్టుకోవాలి. పట్టు బిగుసుకుపోతే చల్లటి పొద్దున కూడా బస్సులా హోరుమంటుంది. ఫ్యాన్ తినే శక్తి దాని వేగం ఘనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, హైవే మీద ఆ హోరంతా మీరు కొన్న డీజిలే.

తర్వాత గాలి దారి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు హోసులు పదేళ్లకు ఎండి చీలుతాయి. క్లిప్పుల దగ్గర నూనె మరక కనిపిస్తే ఒత్తిడి గాలి అక్కడ జారుకుంటోందని అర్థం. బండి లాగదు, మనం కాలు ఇంకా తొక్కుతాం, వెనక నల్ల పొగ. ఆ నల్ల పొగ కాలని డీజిల్, రంగు మారిన మన డబ్బు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే గతి. పెట్రోలు ఇంజిన్‌లో గాలిని థ్రాటిల్ ఎలాగూ బిగించి ఉంచుతుంది కనుక ఫిల్టర్ దుమ్ముకు మైలేజీ అంతగా తగ్గదు. గాలిని కొలవని పాత పంపు డీజిల్‌లో అలా కాదు, గాలి ఎంత వచ్చినా కాలు చెప్పినంత డీజిల్ పడుతుంది. మొయినాబాద్ మట్టి బాటల్లో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు చెల్లదు, సగానికే చూసుకోవాలి.

నాజిళ్ల గురించి ఒక్క మాట. డీజిల్‌ను మంచులా చిమ్మాల్సిన నాజిల్ ధారలా కారిస్తే సరిగా కాలదు. పాత డైరెక్ట్ ఇంజెక్షన్ నాజిళ్లను చవకగా టెస్ట్ చేయించవచ్చు. కామన్ రైలులో ఒత్తిడి 1600 బార్ దాకా ఉంటుంది, ఆ ఇంజెక్టర్లు ఖరీదైనవి. పైన చెప్పినవన్నీ సరిచేయకుండా వాటి మీద చెయ్యి వేయనివ్వకండి.

ఇప్పటిదాకా చెప్పింది ఏ డీజిల్ బండికైనా వర్తిస్తుంది. ఫోర్ బై ఫోర్‌కు సొంతంగా ఉన్న నష్టం కింద ఉంటుంది. థార్, స్కార్పియో ఫోర్ బై ఫోర్‌లలో మామూలుగా వెనక చక్రాలకే బలం పోతుంది. అవసరమైతే ఫోర్ హై, ఇంకా బురదైతే ఫోర్ లో. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వీటికి డిఫరెన్షియల్ లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు. దాంతో షాఫ్టులు మెలిపడతాయి, టైర్లు రాసుకుంటాయి, డీజిల్ దానికే పోతుంది. పొలంలోంచి రోడ్డెక్కాక ఫోర్ హైలోనే ఇల్లు చేరేవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగలేదని నమ్మకండి, లీవరుతో పాటు ముందు హబ్బులు కూడా వదిలాయో లేదో చూసుకోవాలి. బురదకు, తుప్పుకు హబ్బు పట్టేస్తే మీరు టూ వీల్‌లో నడుపుతున్నా ముందు షాఫ్టు, డిఫరెన్షియల్ వృథాగా తిరుగుతూనే ఉంటాయి. మొదటితరం ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్ కథ వేరు. అది ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే నడుస్తుంది, మధ్యలో డిఫరెన్షియల్ ఉంది. దానికి ఆ ఖర్చు పుట్టుకతో వచ్చింది, తగ్గించలేం. డిఫరెన్షియల్ లాక్ మాత్రం రోడ్డు మీద వేసి ఉంచకూడదు.

టైర్ల దగ్గర రెండు మోసాలు. పొలంలో పట్టు కోసం గాలి తగ్గించి, మళ్లీ కొట్టించడం మర్చిపోవడం మొదటిది. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పది పీఎస్ఐ తక్కువతో తిరిగే బండ్లు ఎన్నో. డ్రైవరు డోరు ఫ్రేము మీద అంటించిన స్టిక్కరులో ఉన్న అంకె దాకా, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టించాలి. రెండోది, షోకు కోసం వేసే పెద్ద మడ్ టైర్లు. వాటి గట్టి దిమ్మెలు దొర్లడానికి ఎక్కువ బలం అడుగుతాయి. దానికి తోడు టైరు చుట్టుకొలత అయిదు శాతం పెరిగితే మీటరు అయిదు శాతం తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. అంటే మీ మైలేజీ పడిపోయిందంటున్నదాంట్లో కొంత అసలు పడిపోలేదు, మీటరే తక్కువ చెప్తోంది.

బ్రేకు పట్టేయడం ఇంకో మూగ దొంగ. పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపి, నాలుగు రిమ్ముల దగ్గరా చేయి చాచి వేడి చూడండి. ముట్టుకోనక్కర్లేదు, ఒక చక్రం మిగతావాటికంటే సెగ కొడితే అక్కడ కాలిపరో హ్యాండ్ బ్రేకు కేబులో ఇరుక్కుంది.

ఏసీ విషయంలో పెద్ద చర్చలు జరుగుతుంటాయి. 50 వేగంలో మన బండి సాఫీ రోడ్డు మీద నడవడానికి చక్రాల దగ్గర కావలసింది కేవలం 5 కిలోవాట్లు. ఏసీ కంప్రెసర్ మండుటెండలో 2 నుంచి 3 కిలోవాట్లు లాగుతుంది. కాబట్టి ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు ఏసీ నిజంగానే ఖర్చు. ఔటర్ మీద మాత్రం గాలి అడ్డు ముందు దాని వాటా చిన్నది, అద్దాలు దించుకుని చెమటలు కక్కడం వల్ల ఒరిగేది లేదు. టర్బో చల్లారాలని ఆపే ముందు అయిదేసి నిమిషాలు ఐడిల్‌లో ఉంచే అలవాటూ అనవసరం. హైవే దిగి ఊళ్లో కాస్త మెల్లగా వచ్చిన బండికి అర నిమిషం చాలు.

అమ్మకానికి వచ్చే అద్భుతాల సంగతి. డీజిల్ పైపుకు బిగించే అయస్కాంతం, ట్యాంకులో వేసే గోళీ, నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే డబ్బా. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి వందకు పైగా పరికరాలను పరీక్షించి, పనికొచ్చేవి అతి కొద్దిగా, అదీ స్వల్పంగా అని తేల్చింది. డీజిల్‌లో టూ టీ ఆయిల్ కలపడం మన దగ్గర కొత్త ఆనవాయితీ. గంధకం తగ్గిన బీఎస్ 6 డీజిల్‌కు జారుడుతనం లేదనే భయం దానికి మూలం. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న ఈ డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు దిగింది, నిజమే. కానీ జారుడుతనానికి కూడా భారతీయ ప్రమాణంలో హద్దు ఉంది, దానికి కావలసిన మందు రిఫైనరీలోనే పడుతుంది. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌ను మూసేసి మైలేజీ పెంచుతామనే వాళ్లనూ నమ్మకండి. మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్‌ను శుభ్రం చేయించడం వేరు, మూసేయడం వేరు. మూస్తే ఊపిరితిత్తులను పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి.

ఏ పని చేసినా ఫలితం కొలిచి చూడండి. తెల్లవారుజామున కొట్టిస్తే డీజిల్ చిక్కగా వస్తుందనే మాట పక్కన పెట్టండి, బంకుల్లో ట్యాంకులు భూమిలో ఉంటాయి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ అక్కడ వేడి పెద్దగా మారదు. ఒకే బంకు, ఒకే పంపు, మొదటి క్లిక్కు దగ్గర ఆపడం. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కు. ఒక్కసారి కొలిచి నిర్ణయానికి రావద్దు. 40 లీటర్లలో ఒక లీటరు అటూఇటూ పడినా రెండున్నర శాతం తేడా వస్తుంది, మీరు సాధించిన లాభమంతా అందులో కొట్టుకుపోతుంది. మూడు ట్యాంకుల సగటు తీయండి. ఒకసారికి ఒకే మరమ్మతు చేయించండి, లేకపోతే దేనికి ఎంత వచ్చిందో తెలియదు.

షెడ్డులో పని అయ్యాక తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయనివ్వకండి. అజీజ్‌నగర్ చుట్టూ పడిన చుక్క హిమాయత్‌సాగర్‌కో గండిపేటకో చేరుతుంది. జంట జలాశయాల పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో జీవో 111 వచ్చిందే అందుకు. డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి.

వాల్వ్, హోసులు, హబ్బులు, బ్రేకులు, టైర్లు సరిచేసి, 80 దాటకుండా నడిపి, మూడు ట్యాంకులు కొలిచాక కూడా 9 దాటకపోతే అప్పుడు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. సిలిండర్లలో ఒత్తిడి పడిపోయి ఉంటే ఇంజెక్టర్లు మార్చినా, టర్బో మార్చినా ఆ డబ్బు దండగే. అప్పుడు మిగిలేవి రెండే దార్లు, ఇంజిన్ పని చేయించడం లేదా బండి మార్చడం.